తాళాల పనివాని కొడుకు - జార్జ్ సైమన్ ఓమ్

మాది వెలిగండ్ల. పశ్చిమ ప్రకాశం సంగతి తెలిసినవారికి వేరే చెప్పనక్కరలేదు. వానను నమ్ముకుంటే గింజ ఇంటికి రాదు, బోరును నమ్ముకుంటే కరెంటును కూడా నమ్ముకోవాలి. నేను ఇంటర్మీడియట్ చదివే రోజుల్లో, ఒక వేసవిలో మా బోరు మోటారు కాలిపోయింది. వైండింగ్ మేస్త్రీ మోటారు విప్పి, మాడి నల్లబడిన రాగి తీగెలు చూపించి, లో వోల్టేజి వల్ల కాలిందన్నాడు. నాకు నవ్వొచ్చింది. ఓమ్ నియమం అంతకు వారం ముందే చదివి ఉన్నాను. వోల్టేజి తగ్గితే కరెంటు తగ్గాలి, కరెంటు తగ్గితే వేడి తగ్గాలి. ఇక కాలడమేమిటి? ఆ మాట మేస్త్రీ ముఖంమీదే అనేశాను. ఆయన ఏమీ అనలేదు. మా నాయన మాత్రం తల వంచుకొని వైండింగ్ డబ్బులు లెక్కపెట్టాడు.

నా చేత అంత మాట అనిపించిన ఆ ఓమ్ ఎవరో తరువాత తెలుసుకున్నాను.

జార్జ్ సైమన్ ఓమ్ 1789 మార్చి 16న జర్మనీలోని ఎర్లాంగెన్ పట్టణంలో జన్మించాడు. తండ్రి తాళాలు చేసే పనివాడు. బడి చదువు లేకున్నా గణితం, భౌతికశాస్త్రం సొంతంగా నేర్చుకొని, పిల్లలకు తానే చెప్పాడు. ఓమ్‌కు పదేళ్ల వయసులో తల్లి పోయింది. 1805లో విశ్వవిద్యాలయంలో చేరిన కుర్రవాడు బిలియర్డ్సు, నాట్యాలు, మంచు మీద జారుడాటలలో పడ్డాడు. తండ్రికి కోపం వచ్చి చదువు మాన్పించాడు. స్విట్జర్లాండులో లెక్కల మాస్టరుగా బతికి, తిరిగివచ్చి 1811లో డాక్టరేటు సంపాదించాడు. మన హాస్టలు సోదరులు ఈ సంగతి కాస్త గమనించవలెను!

1817లో కొలోన్ నగరంలో బడిపంతులు ఉద్యోగం దొరికింది. అక్కడి ప్రయోగశాలలో, తండ్రి దగ్గర నేర్చిన చేతిపనితో పరికరాలు తానే తయారు చేసుకున్నాడు. తీగె పొడవు పెరిగితే కరెంటు ఎంత తగ్గుతుందన్నదే ఆయన ప్రశ్న. 1825లో ఒక సూత్రం ప్రకటించాడు. అది తప్పు! ఆనాటి బ్యాటరీ నిలకడగా ఉండేది కాదు, కొలుస్తుండగానే దాని బలం మారిపోయేది. ఆయన తన తప్పును వెనకేసుకు రాలేదు. పోగెన్‌డార్ఫ్ అనే శాస్త్రవేత్త సలహా మీద బ్యాటరీని వదిలేసి, బిస్మత్తు, రాగి అతుకులను ఒకటి మరిగే నీటిలో, ఒకటి మంచులో ఉంచి నిలకడైన విద్యుత్తు పుట్టించాడు. 2 అంగుళాలు మొదలు 130 అంగుళాల దాకా ఎనిమిది రాగి తీగెలు ఒక్కొక్కటే కలిపి, అయస్కాంతపు సూది మీద పడే ప్రభావాన్ని బట్టి కరెంటును కొలిచాడు. 1826లో సరైన సూత్రం చేతికొచ్చింది. 1827లో గ్రంథం వెలువడింది.

వోల్టేజిని కరెంటుతో భాగిస్తే నిరోధం. రెండింటినీ గుణిస్తే సామర్థ్యం. 230 వోల్టుల మీద 1000 వాట్ల ఇస్త్రీ పెట్టె సుమారు 4.35 ఆంపియర్లు తీసుకుంటుంది, దాని నిరోధం దాదాపు 53 ఓములు. అదే పెట్టెకు మా ఊరి సాయంత్రపు 160 వోల్టులు అందితే కరెంటు 3 ఆంపియర్లకు, సామర్థ్యం 484 వాట్లకు పడిపోతాయి. వోల్టేజి మూడోవంతు కూడా తగ్గలేదు, వేడి మాత్రం సగానికి పైగా పోయింది!

ఆ వోల్టేజి ఎక్కడ పోయింది? ఓమ్‌గారి పొడవాటి తీగెలోనే పోయింది. ట్రాన్స్‌ఫార్మరుకు దూరంగా, లైను చివర ఉన్న చేనుకు తీగె నిరోధం రానూపోనూ 2 ఓములనుకుందాం. 10 ఆంపియర్లు పారితే 20 వోల్టులు దారిలోనే ఖర్చు, 200 వాట్లు తీగెను వేడి చేయడానికే సరి.

మరి మోటారు? అది ఇస్త్రీ పెట్టె కాదు. తిరిగే మోటారు తనలో తాను ఎదురు వోల్టేజిని పుట్టిస్తుంది. లైనులో వోల్టేజి పడిపోతే ఆ ఎదురు కూడా తగ్గుతుంది. ఎత్తిపోయవలసిన నీటి బరువు మాత్రం దాదాపు అంతే. ఆ పని చేయడానికి మోటారు కరెంటు ఎక్కువ లాగుతుంది. ఇక తీగెలో పుట్టే వేడి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుందని జేమ్స్ జౌల్ 1841లో చూపాడు. కరెంటు ఒకటిన్నర రెట్లయితే వేడి రెండుంబావు రెట్లు! మేస్త్రీ మాటే నిజం. నియమం తప్పలేదు, దాన్ని ఎక్కడ వాడాలో తెలియక నేనే తప్పాను.

ఓమ్ గ్రంథాన్ని స్వదేశంలో పెద్దగా పట్టించుకోలేదు. కొలోన్ ఉద్యోగం వదులుకొని, బెర్లిన్‌లో చిన్నాచితకా పాఠాలు చెప్పుకుంటూ ఏళ్లు గడిపాడు. 1833లో న్యూరెంబర్గ్‌లో ఉద్యోగం దొరికింది. 1841లో లండన్ రాయల్ సొసైటీ కోప్లే పతకం ఇచ్చాకే లోకం గుర్తించింది. కోరుకున్న భౌతికశాస్త్ర ఆచార్య పదవి మ్యూనిక్‌లో 1852లో వచ్చింది. 1854 జూలై 6న కన్నుమూశాడు. నిరోధపు ప్రమాణానికి ఆయన పేరును అంతర్జాతీయంగా ఆమోదించింది 1881లో, పారిస్ విద్యుత్ మహాసభలో. ఆ గౌరవం చూడటానికి ఆయన లేడు.

మిత్రులారా! ఆ సూత్రాన్ని మనం ఒక్క నిమిషంలో బట్టీ పడతాం. దాన్ని కనుగొన్నవాడు ముందు పొరపడి, దిద్దుకున్నవాడన్న సంగతి మాత్రం మరచిపోతాం. పోయిన సంక్రాంతి సెలవుల్లో నేను ఆ వైండింగ్ షాపుకు వెళ్లి, ఆ రోజు నాదే తప్పని మేస్త్రీకి చెప్పి వచ్చాను. ఆయనకు ఆ సంగతి గుర్తేలేదట. చేతిలోని తీగె వదలకుండానే నవ్వి, టీ తెప్పించాడు.