సామాను దగ్గర నిలిచిన అబిగైల్

1775 జూన్ 17. అమెరికాలోని మాసచుసెట్స్‌లో బ్రెయిన్‌ట్రీ అనే పల్లెలో తెల్లవారకముందే ఫిరంగుల మోత వినిపించింది. ముప్ఫై ఏళ్ల అబిగైల్ ఆడమ్స్ తన ఏడేళ్ల కొడుకు జాన్ క్విన్సీ చెయ్యి పట్టుకుని దగ్గర్లోని గుట్ట ఎక్కింది. బంకర్ హిల్ యుద్ధంలో ఛార్లెస్‌టౌన్ పట్టణం తగలబడిపోవడం తల్లీకొడుకులు కళ్లారా చూశారు. ఆ వేళ పిల్లల తండ్రి జాన్ ఆడమ్స్ ఇంట్లో లేడు. దాదాపు 300 మైళ్ల దూరంలోని ఫిలడెల్ఫియాలో, అమెరికా భవిష్యత్తును తేల్చే కాంగ్రెస్ సభలో ఉన్నాడు.

అబిగైల్ 1744లో వేమౌత్‌లో ఒక ప్రొటెస్టెంట్ పాస్టరుగారి ఇంట పుట్టింది. బైబిల్లో దావీదు భార్య అబీగయీలు పేరే ఆమెది. ఆమె ఏనాడూ బడికి వెళ్లలేదు. ఇంట్లో ఉన్న పుస్తకాలే ఆమెకు గురువులు. 1764లో ప్లీడరు జాన్ ఆడమ్స్‌ను పెళ్లాడింది. పదేళ్లు తిరిగేసరికి భర్త కాంగ్రెస్‌కు వెళ్లాడు. ఇల్లు, నలుగురు పిల్లలు, పొలం ఆమె భుజాలమీద పడ్డాయి.

1775లోనే ఊరిమీద జిగట విరేచనాల మహమ్మారి వచ్చిపడింది. అబిగైల్‌కూ జబ్బు చేసింది, చిన్నకొడుకు థామస్‌ చావు అంచుదాకా వెళ్లొచ్చాడు. ఇంటి పనిమనిషి చనిపోయింది. అక్టోబరు 1న కన్నతల్లి కన్నుమూసింది. మరుసటి ఏడాది మశూచి వ్యాపించింది. మశూచి పొక్కులోని చీమును ఒంట్లోకి ఎక్కించి, జబ్బును తేలికగా తెప్పించడమే అప్పట్లో ఉన్న రక్షణ. అందులోనూ ప్రాణాపాయం లేకపోలేదు. ఆ నిర్ణయం ఆమే తీసుకుని 1776 జూలైలో నలుగురు పిల్లలతో బోస్టన్ వెళ్లింది. ఫిలడెల్ఫియాలో భర్త కాంగ్రెస్ పనిలో ఉంటే, ఆమె జ్వరపడ్డ బిడ్డల మంచాల మధ్య తిరుగుతోంది. 1777 జూలైలో ఆమెకు ఆడపిల్ల పుట్టింది. బిడ్డలో ప్రాణం లేదు. ఆ దుఃఖంలోనూ భర్త పక్కన లేడు.

అయినా సంసారం ఆగలేదు. యుద్ధంవల్ల కూలీలు దొరకలేదు, కూలి రేట్లు పెరిగాయి, కాగితం డబ్బు విలువ పడిపోయింది. అబిగైల్ పొలాన్ని పాలుకిచ్చింది, పన్నులు కట్టింది. భర్త యూరప్ నుండి పంపిన చేతిరుమాళ్లు, పిన్నులవంటి సరుకులు అమ్మించి ఇల్లు గడిపింది. భర్తకు భూములంటే మక్కువ. ప్రభుత్వ బాండ్లలో ఎక్కువ రాబడి వస్తుందని ఆమె లెక్కగట్టి కొనిపించింది. ఆ కుటుంబం అప్పుల్లో కూరుకుపోలేదంటే అది ఆమె చలవే.

భర్త ఫ్రాన్స్‌లో రాయబార పనులకు వెళ్లాక ఎడబాటు ఇంకా పెరిగింది. 1779 నవంబరులో వెళ్లిన మనిషిని ఆమె మళ్లీ చూసింది 1784 ఆగస్టులో, తానే సముద్రం దాటి లండన్ వెళ్లిన తర్వాత. ఓడల్లో ఉత్తరాలు చేరడానికి నెలలు పట్టేది, కొన్ని చేరేవే కావు. ఆ దంపతుల ఉత్తరాలు 1,100కు పైగా నేటికీ భద్రంగా ఉన్నాయి. వాటిలో ప్రేమ ఉంది, రాజకీయం ఉంది, భర్తమీద నిష్ఠూరం కూడా ఉంది. ఆమె బాధను దాచుకుని పైకి నవ్వే రకం కాదు. కొత్త చట్టాలు రాసేటప్పుడు ఆడవాళ్లను మరచిపోవద్దని 1776లోనే భర్తకు గట్టిగా రాసింది. 1797లో తమ ఇంట పనిచేసే నల్లజాతి అబ్బాయి రాత్రిబడికి వెళ్తే పొరుగువాళ్లు అభ్యంతరం చెప్పారు. ఆమె వాళ్లతో వాదించి అబ్బాయిని చదివించింది.

1797లో భర్త అమెరికా రెండవ అధ్యక్షుడయ్యాడు. 1800 నవంబరులో ఆమె ఇంకా కట్టడం పూర్తికాని వైట్‌హౌస్‌లో అడుగుపెట్టింది. తాళ్లు కట్టి బట్టలారేసుకోవడానికి అక్కడి పెద్దగదిని వాడుకుంది. అయితే ఆ నెలలోనే, తాగుడుకు బానిసైన కొడుకు ఛార్లెస్ ముప్ఫై ఏళ్లకే న్యూయార్క్‌లో చనిపోయాడు. తొమ్మిదేళ్ల వయసులో తండ్రి వెంట యూరప్ వెళ్లి, ఇంటిమీద బెంగతో తిరిగొచ్చిన పిల్లవాడతను. తండ్రి అతనితో తెగతెంపులు చేసుకున్నా, తల్లి వాషింగ్టన్‌కు వెళ్తూ దారిలో ఆగి కొడుకును కడసారి చూసింది. అతని కూతురిని తన ఇంట పెట్టుకుని పెంచింది. పెద్ద పదవుల వెనక ఇలాంటి కన్నీళ్లు కూడా ఉంటాయని ఆ ఇంటి కథ చెబుతుంది.

పెళ్లయిన స్త్రీకి సొంత ఆస్తి ఉండదని నాటి చట్టం. అయినా ఆమె తాను కూడబెట్టిన డబ్బుకు 1816లో వీలునామా రాసుకుంది. ఎక్కువ భాగం మనవరాళ్లకు, తోబుట్టువుల కూతుళ్లకు, పనిమనుషులకు ఇచ్చింది. 1818 అక్టోబరు 28న ఆమె టైఫాయిడ్‌తో చనిపోయింది. చట్టప్రకారం చెల్లని ఆ వీలునామాను భర్త గౌరవించి అమలు చేశాడు. గుట్టమీద ఆమె చెయ్యి పట్టుకుని నిలబడ్డ పిల్లవాడు 1825లో అమెరికా ఆరవ అధ్యక్షుడయ్యాడు. అది చూడడానికి ఆమె లేదు.

సమూయేలు మొదటి గ్రంథం 30వ అధ్యాయంలో ఒక సంగతి ఉంది. దావీదు తన అబీగయీలును, మిగతా వారిని శత్రువుల చెరనుండి విడిపించుకుని వస్తాడు. 400 మంది వెంట వెళ్లి పోరాడారు, 200 మంది అలసిపోయి బెసోరు వాగు దగ్గర ఉండిపోయారు. కొల్లసొమ్ములో వారికి వాటా ఎందుకని కొందరు అడిగితే దావీదు ఒప్పుకోలేదు. యుద్ధానికి వెళ్లినవాడికీ, సామాను దగ్గర నిలిచినవాడికీ సమాన భాగం అన్నాడు, దాన్నే కట్టడగా నియమించాడు. అధ్యక్షుల పట్టికలో అబిగైల్ పేరు ఉండదు. కాని ఆ పట్టికలో భర్త పేరున్నచోట సగం ఆమెది. పరిచర్యకోసమో, ప్రజాసేవకోసమో ఊళ్లు తిరిగేవారి ఇళ్లలో కూడా ఒకరు సామాను దగ్గర నిలిచే ఉంటారు. తిరిగొచ్చినవారు మెడలోని దండ తీసి పక్కన పెట్టి, ఆ మనిషి ఆ రోజంతా ఏం మోసిందో ఒక్కసారి అడిగితే, దావీదు కట్టడను నెరవేర్చినట్టే!