తెలుగు పదాలకు వారధి బ్రౌన్

కడప: తెలుగు మాటలకు ఆంగ్లార్థాలు కూర్చేందుకు సొంత జీతాన్ని ధారపోసిన మహనీయుడు చార్లెస్ ఫిలిప్ బ్రౌన్. 1798 నవంబరు 10న కలకత్తాలో జన్మించిన ఆయన 1820లో ఉద్యోగరీత్యా కడపకు వచ్చారు. ఇక్కడ బంగళా కొని, పండితులను నియమించి, శిథిలమవుతున్న తాళపత్ర గ్రంథాలకు శుద్ధప్రతులు రాయించారు. అప్పులపాలైనా వెనుదీయలేదు. ఆ కృషి ఫలితంగానే 1852లో తెలుగు-ఆంగ్ల నిఘంటువు వెలువడింది. కావ్యభాషతోపాటు జనం నోటి మాటలకూ ఆయన అందులో చోటిచ్చారు. తెలుగు వ్యవహారంలో కలిసిపోయిన హిందుస్తానీ, ఆంగ్ల పదాలకు 1854లో మిశ్రభాషా నిఘంటువును ప్రచురించారు. 1884 డిసెంబరు 12న లండన్‌లో కన్నుమూశారు. ఆయన బంగళా స్థలంలోనే నేడు బ్రౌన్ గ్రంథాలయం నెలకొంది. ఆనాడు పండితులతో కలిసి కూర్చిన పదసంపద ఇప్పుడు కంప్యూటర్‌పైనా క్షణాల్లో లభిస్తోంది.