ఆంధ్రరత్న దుగ్గిరాల గోపాలకృష్ణయ్య

మన గ్రంథాలయ రజతోత్సవ సంచికకు ఒక మహనీయుని చరిత్ర వ్రాయుమని కార్యదర్శిగారు కోరగా నా మనస్సు దూరము పోలేదు. మార్టూరునుండి చీరాల గంట ప్రయాణము. పన్నుల లెక్కలు వ్రాసి తల నెరసినవాడను. పన్నును ధిక్కరించినవాని చరిత్రమే వ్రాయవలెనని బుద్ధి పుట్టినది. చదువరులు ఈ చిత్రమును మన్నింతురు గాక.

గోపాలకృష్ణయ్య 1889 జూన్ 2వ తేదీన కృష్ణా మండలమందలి పెనుగంచిప్రోలున జన్మించెను. పసితనముననే తల్లిదండ్రులను గోల్పోయి బంధువుల యింట పెరిగెను. 1911లో మిత్రుడు నడింపల్లి నరసింహారావుతో గూడ ఎడింబరో వెళ్లి ఎం.ఏ. పట్టమందెను. ఆనంద కుమారస్వామితో కలిసి నందికేశ్వరుని అభినయదర్పణము నాంగ్లీకరించెను. అది 1917లో హార్వర్డు విశ్వవిద్యాలయమువారి ముద్రణగా వెలువడినది. ఇట్టి పండితుడు స్వదేశమునకు వచ్చి కొంతకాలము ఉపాధ్యాయుడై, పిమ్మట ఉద్యోగము విడిచి చీరాల చేరెను.

చీరాల పేరాలలు అంతవరకు యూనియనుగా నుండెడివి. మద్రాసు ప్రభుత్వము వానిని పురపాలక సంఘముగా మార్చినది. ఏటికి 4,000 రూపాయలుగా నున్న పన్ను 40,000 రూపాయలకు పెరిగినది. జనసంఖ్య సుమారు 15,000. తలకు నాలుగణాలకు కొంచెము హెచ్చుగా నున్నది రెండు రూపాయల పదునొకండణాలకు చేరువైనదన్నమాట. అందు పెక్కుమంది మగ్గముమీద బ్రతుకువారు. స్థానిక స్వపరిపాలన మను పేరనే, స్థానికులు వలదనుచుండగా, ఈ భారము మోపబడినది! ఆ శాఖకు మంత్రియైన పానగల్లు రాజా తెలుగువాడే యగుట మరియొక విచిత్రము.

జనులు పన్ను నిరాకరించిరి. కొందరు చెరసాలకు బోయిరి; వారిలో రావూరి అలివేలు మంగతాయారమ్మ యను స్త్రీ కలదు. 1921లో బెజవాడ కాంగ్రెసు సభలకు గోపాలకృష్ణయ్య రామదండు సేవ చేసినది. ఆ సభల పిమ్మట గాంధీమహాత్ముడు చీరాలకు వచ్చి, అహింసతో పన్ను నిరాకరించుట యొండె, ఊరు విడుచుట యొండె చేయవచ్చునని చెప్పి, ఏది చేసినను స్వశక్తినే నమ్ముకొనవలెనని హెచ్చరించెను.

వారు ఊరు విడిచిరి. పురపాలక సంఘపు హద్దు దాటినచోట పన్ను లేదు గదా! పొలిమేర కావల పాకలు వేసికొని దానికి రామనగరమని పేరిడిరి. పదుమూడువేలకు పైబడిన జనము, ముసలివారు, బాలింతలు, మగ్గములు విప్పి తెచ్చుకొన్న నేతగాండ్రు, మండుటెండలలో అచ్చట కాపురముండిరి. వానకాలము వచ్చినది, చలికాలమును వచ్చినది. పదునొకండు నెలలు గడచినవి. వెనుక నున్న యిండ్లు పాడుపడుచుండెను.

నా వృత్తి చొప్పున జమాఖర్చులు వేసి చూచితిని. మిగుల్చుకొన్న పన్నెంత, పోగొట్టుకొన్న కూలి యెంత, పాకల ఖర్చెంత? ఏ వరుసను గూడినను నష్టమే తేలుచున్నది. ఆ సంగతి వారికి తెలియక కాదు. వారి నాయకుడు అర్థశాస్త్రము చదివినవాడు. తెలిసియే వెళ్లిరి.

వారి పోషణకై ధనము కూర్చుటకు గోపాలకృష్ణయ్య ఊరూర తిరుగవలసివచ్చెను. బరంపురమున ఉపన్యసింపరాదను ఆజ్ఞను ధిక్కరించినందుకు ఏడాది శిక్ష విధించి తిరుచిరాపల్లి చెరసాలకు బంపిరి. నాయకుడు లేడు, నిధులు లేవు. 1922లో జనులు ఒక్కొక్క కుటుంబముగా తమ యిండ్లకు మరలిరి. పురపాలక సంఘము వారికొరకు ఎదురుచూచుచునే యుండెను.

చెరనుండి వచ్చిన పిమ్మట ఆయన సాధన యను పత్రికను నడపెను. ఆశువుగా చాటువులు చెప్పి సభల నవ్వించెను. చేత ధనము నిలువలేదు, దేహమున ఆరోగ్యమును నిలువలేదు. క్షయరోగముతో 1928 జూన్ 10వ తేదీన కన్నుమూసెను. అప్పటికి ఆయనకు ముప్పదితొమ్మిదేండ్ల యెనిమిది దినములు.