తాళం నేర్పే గురువులను తయారుచేసిన కార్ల్ ఓర్ఫ్

మన గూడేల్లో డోలు వాయించే పెద్దలు ఇంకా ఉన్నారు. వారి దగ్గర నేర్చుకుని, తిరిగి పిల్లలకు నేర్పగలిగే యువతే తగ్గిపోతోంది. అందుకే కార్ల్ ఓర్ఫ్ జీవితాన్ని ఇక్కడ మీకు పరిచయం చేస్తున్నాం.

ఓర్ఫ్ 1895లో జర్మనీలోని మ్యూనిక్‌లో పుట్టారు. స్వరకర్తగా పేరు పొందారు. 1924లో డొరొథీ గుంథర్‌తో కలిసి అదే నగరంలో ఒక పాఠశాల ప్రారంభించి, సంగీతం, నాట్యం, వ్యాయామం కలిపి నేర్పించారు. ఆఫ్రికా నుంచి వచ్చిన ఒక జైలోఫోన్ ఆయనను ఆకట్టుకుంది. దాని స్ఫూర్తితో కార్ల్ మేండ్లర్ చేత, కర్రపుల్లలతో కొట్టి వాయించే కొత్త వాయిద్యాలు చేయించారు. అక్కడే చదువుకున్న గునిల్డ్ కీట్‌మన్ తర్వాత ఆయనకు కుడిభుజమయ్యారు.

1945లో బాంబు దాడిలో పాఠశాల కూలింది. వాయిద్యాలు చాలావరకు పోయాయి. అయినా నేర్పడం తెలిసినవారు మిగిలారు. 1948లో ఓర్ఫ్, కీట్‌మన్ బవేరియా రేడియోలో పిల్లల కోసం పాఠాలు మొదలుపెట్టారు. 1961లో ఆస్ట్రియాలోని సాల్జ్‌బర్గ్‌లో ఉపాధ్యాయుల శిక్షణకే ఒక సంస్థ వెలిసింది.

ఆ పద్ధతిలో ముందు మాటలోని లయ, చప్పట్లు, తొడ చరుపు, కాలి దరువు. ఆ తర్వాతే వాయిద్యం. ఉపాధ్యాయుడు కాబోయేవాడు కూడా పిల్లల్లాగే వలయంలో నిలబడి, వాయించి, ఆడి నేర్చుకోవాలి. ఓర్ఫ్ 1982లో కన్నుమూసినా ఆ శిక్షణ ఆగలేదు.

మాట, ఆట, దరువు కలిసి సాగడం మనకు కొత్త కాదు. కాబట్టి తమ్ముళ్లారా, చెల్లెళ్లారా! డోలును గోడకు వేలాడదీసి దాచుకుంటే సరిపోదు. పెద్దల దగ్గర కూర్చుని ఒక దరువు నేర్చుకోండి. దాన్ని ఇద్దరు పిల్లలకు నేర్పండి.