ఫిషర్ పైపు

మెషీన్ లెర్నింగ్ ల్యాబ్‌లో అందరం మొదట రన్ చేసేది ఐరిస్ డేటాసెట్. 150 పూలు, మూడు రకాలు. ఆ పూలను కొలిచింది ఎడ్గార్ ఆండర్సన్. ఆ కొలతలతో 1936లో పేపర్ రాసి, వాటికి పేరు తెచ్చింది రోనాల్డ్ ఫిషర్. పీ-వాల్యూని లోకానికి అలవాటు చేసింది కూడా ఈయనే.

ఫిషర్ 1890లో లండన్‌లో పుట్టాడు. చూపు బాగా తక్కువ. స్కూల్లో ఆయనకి కాగితం, పెన్ను లేకుండానే లెక్కలు నేర్పించారు. దాంతో బొమ్మంతా మనసులోనే గీసుకోవడం అలవాటైంది. అదే చూపు వల్ల మొదటి ప్రపంచ యుద్ధంలో సైన్యం తీసుకోలేదు. టీచర్‌గా పనిచేస్తూనే ఆయన ఒక పెద్ద గొడవ తేల్చాడు.

మెండెల్ బఠానీ మొక్కల్లో పొడుగు, పొట్టి, అంతే. మనుషుల ఎత్తు అలా కాదు, కొద్దికొద్దిగా మారుతూ పోతుంది. అందుకని మెండెల్ సూత్రాలు ఇక్కడ పనికిరావని కొందరి వాదన. చిన్న చిన్న ప్రభావం ఉన్న జీన్స్ చాలా కలిస్తే సరిగ్గా ఇలాంటి తేడాలే వస్తాయని ఫిషర్ లెక్కగట్టి చూపించాడు. లండన్ రాయల్ సొసైటీలో ఆ పేపర్ ముందుకు కదల్లేదు. చివరికి 1918లో ఎడిన్‌బరోలో అచ్చయింది. షుగర్, బీపీ లాంటి జబ్బుల వెనక ఒక్క జీన్ కాదు, ఎన్నో జీన్స్, వాటితో పాటు అలవాట్లు ఉంటాయని చెప్పే నేటి పరిశోధనకి పునాది అదే. ఆంధ్రా యూనివర్సిటీలో చదివిన మన సి.ఆర్.రావు గారు 1948లో కేంబ్రిడ్జ్‌లో పీహెచ్‌డీ చేసింది ఈయన దగ్గరే.

ఇంతటి మనిషి ఒక్కచోట దారి తప్పాడు. సిగరెట్‌కీ ఊపిరితిత్తుల క్యాన్సర్‌కీ సంబంధం ఉందని 1950లో డాల్, హిల్ చూపించారు. పైపు తాగే ఫిషర్ ఒప్పుకోలేదు. పొగ తాగాలనే కోరిక, క్యాన్సర్ రెండూ ఒకే జీన్ వల్ల రావచ్చు కదా అని వాదించాడు. అప్పటికి ఆయన పొగాకు కంపెనీల కమిటీకి సలహాదారు కూడా.

ప్రశ్న మంచిదే. కోరిలేషన్ ఉన్నంత మాత్రాన అదే కారణం అనలేం. కానీ ఎక్కువ తాగితే ముప్పు పెరుగుతోంది, మానేస్తే తగ్గుతోంది. ఆ సాక్ష్యాన్ని ఆయన పక్కన పెట్టేశాడు. 1962లో అడిలైడ్‌లో చనిపోయేదాకా మాట మార్చుకోలేదు.

2008లో 15వ క్రోమోజోమ్‌లో అలాంటి జీన్ తేడా నిజంగానే దొరికింది. అది ఉన్నవాళ్లు సిగరెట్లు ఎక్కువ తాగుతారు. అసలు పొగ తాగనివాళ్లలో మాత్రం దాని ప్రభావం దాదాపు కనబడదు.

షుగర్ మా వంశంలోనే ఉంది, ఏం చేస్తాం అంటూ మా బాబాయ్ ఇంకో లడ్డూ అందుకున్నప్పుడల్లా నాకు ఆ పైపే గుర్తొస్తుంది.