శిశు సంరక్షణకు శిక్షణ: దుర్గాబాయి దేశ్‌ముఖ్ జీవితము

బెల్లంపల్లి వంటి బొగ్గుగనుల పట్టణములో ప్రథమ చికిత్స యనుమాట వినని యిల్లు అరుదు. గనిలో సర్దారు పరీక్షకుగాని, ఓవర్‌మన్ పరీక్షకుగాని కూర్చుండదలచినవాడు ప్రథమ చికిత్స నేర్చినట్లు యోగ్యతాపత్రము చూపవలెనని 1957 నాటి బొగ్గుగనుల నిబంధనలు విధించినవి. ప్రతి గనిలోను ప్రథమ చికిత్సా పేటిక యుండవలెననియు, అది ఆ విద్యలో శిక్షణ పొందిన వ్యక్తి చేతిలో నుండవలెననియు 1952 నాటి గనుల చట్టము చెప్పినది. ఆ చట్టమే మఱియొకచోట, స్త్రీలు పనిచేయు గనులలో వారి ఆరేండ్లలోపు బిడ్డలకు ప్రత్యేకముగ గదులు ఏర్పాటు చేయించుటకు ప్రభుత్వమునకు అధికారమిచ్చినది. కర్మాగారములకు సంబంధించిన 1948 నాటి చట్టము, అట్టి గదులు శిశుపోషణలో శిక్షణ పొందిన స్త్రీల అజమాయిషీలో నుండవలెనని శాసించినది.

ఈ నియమములను ప్రక్కప్రక్కన బెట్టి చూచినచో ఒక భేదము కనబడును. గనిలోని సర్దారు ఏ యోగ్యతాపత్రము తేవలెనో నిబంధనలో స్పష్టముగ నున్నది. బిడ్డల గదిలోని స్త్రీ శిక్షణ పొందినదై యుండవలెనని మాత్రము చట్టములో నున్నది. ఆ శిక్షణ యెంతకాలము, ఎవరిచ్చెదరు, అందు ప్రథమ చికిత్సకు చోటెంత అను ప్రశ్నలకు ఆ వాక్యములో సమాధానము లేదు. అంతకంటె పెద్ద ప్రశ్న మఱియొకటి కలదు. 1951 జనాభా లెక్కల ప్రకారము మనదేశమున నూరుగురు స్త్రీలలో తొమ్మండుగురికి మించి అక్షరములు రావు. అట్టి దేశమున శిక్షణ పొందిన స్త్రీ యెచటనుండి రావలెను? ఈ ప్రశ్నకు సమాధానము వెదకుటలో సగము జీవితమును గడపిన తెలుగు వనిత శ్రీమతి దుర్గాబాయి దేశ్‌ముఖ్.

ఆమె 1909వ సంవత్సరము జూలై 15వ తేదీన రాజమహేంద్రవరమున జన్మించెను. తండ్రి రామారావు, తల్లి కృష్ణవేణమ్మ. బాల్యము కాకినాడలో గడచెను. తండ్రి సామాన్య సంసారియే గాని పరోపకార పరాయణుడు. అంటువ్యాధులు ప్రబలినప్పుడు రోగులకు సేవచేయుటకు వెనుదీయువాడు గాడు. బిడ్డలు సైతము ఆ సేవను కన్నులార చూడవలెనని ఆయన తలంపు. కష్టములో నున్నవారికడకు భయము విడచి పోవుట ఆమె ఇంటిలోనే నేర్చుకొన్న మొదటి పాఠము. ఆ కాలపు ఆచారమును బట్టి ఎనిమిదవయేటనే ఆమెకు వివాహము చేసిరి. యుక్తవయస్సు రాగానే ఆ వివాహబంధము తనకు సమ్మతము గాదని స్పష్టముగ చెప్పి, ఆమె తన దారిని తాను ఎన్నుకొనెను. తండ్రి కుమార్తె నిర్ణయమును మన్నించెను.

పాఠశాలలో ఆంగ్లమున బోధించుట ఆమెకు రుచింపలేదు. బడి మాని, హిందీ నేర్చి, కాకినాడలో బాలికలకు, స్త్రీలకు హిందీ పాఠశాల నొకదానిని తెఱచెను. అప్పటికి ఆమె స్వయముగ బాలికయే. తనకు వచ్చినదానిని వెంటనే పదిమందికి నేర్పుట ఆమెకు జీవితాంతము విడువని అలవాటయ్యెను.

1921లో మహాత్మాగాంధీ కాకినాడకు వచ్చినప్పుడు, దేవదాసీలును, పరదాలోని ముస్లిమ్ స్త్రీలును ఆయన మాటలు వినవలెనని పండ్రెండేండ్ల దుర్గాబాయి పట్టుబట్టెను. ఇందుకై స్త్రీలే విరాళములు ప్రోగుచేసి ఆయనకు సమర్పించిరి. ఆమె ఆయన ప్రసంగమును తెలుగున అనువదించుట ఆనాడే ఆరంభమైనది. 1923లో కాకినాడలో కాంగ్రెసు మహాసభ జరిగినప్పుడు ప్రదర్శనశాల ద్వారమున ఆమె స్వయంసేవికగా నిలిచెను. టిక్కెట్టు లేనివారిని లోనికి విడువరాదని ఆజ్ఞ. జవాహర్‌లాల్ నెహ్రూ టిక్కెట్టు లేకుండ వచ్చెను. ఆమె ఆయనను ఆపివేసెను. నిర్వాహకులు టిక్కెట్టు తెచ్చియిచ్చిన పిమ్మటనే లోనికి పోనిచ్చెను. నియమము నియమమే యను ఈ పట్టుదలను చదువరులు జ్ఞాపకమందుంచుకొనవలెను. పిదప ఆమె చేసిన పనిని గ్రహించుటకు ఇది అక్కఱకు వచ్చును.

1930లో ఉప్పు సత్యాగ్రహము వచ్చెను. మద్రాసులో ఆమె సత్యాగ్రహమునకు నాయకత్వము వహించి కారాగారమునకు పోయెను. 1933 లోపల మూడుమార్లు శిక్ష పడెను. వేలూరు, మధుర చెఱసాలలలో ఆమెకు కానవచ్చిన దృశ్యములు అనేకములు. అందు ఆమె మనస్సును మిక్కిలి కలచివేసినది సామాన్య నేరములకు శిక్ష పడిన స్త్రీల దుస్థితి. తాము చేసిన నేరమేమో, చేయని నేరమేమో, న్యాయస్థానమున ఏమి చెప్పుకొనవలెనో ఎఱుగని నిరక్షరాస్యులు వారు. చదువు లేకపోవుట వలన మనిషి పడు నష్టము ఎంతటిదో ఆమె అచట కన్నులార చూచెను. మధురలో ఏకాంత నిర్బంధము ఆమె ఆరోగ్యమును క్రుంగదీసెను గాని సంకల్పమును క్రుంగదీయలేదు.

విడుదలైన పిమ్మట ఆమె తిరిగి విద్యార్థిని అయ్యెను. అప్పటికి ఇరువది నాలుగేండ్లు. బడిలో చిన్నపిల్లల సరసన కూర్చుండు వయస్సు గాదు. కాశీ విశ్వవిద్యాలయపు మెట్రిక్యులేషన్ పరీక్షకు ప్రైవేటుగా చదివి ఉత్తీర్ణురాలయ్యెను. పిదప ఆంధ్ర విశ్వవిద్యాలయమున రాజనీతిశాస్త్రము చదివెను. 1942లో మద్రాసులో న్యాయశాస్త్ర పట్టము పొందెను. పెద్దవయస్సున మొదలిడి, పదేండ్ల చదువును కొద్ది సంవత్సరములలో ముగించుట సాధ్యమేనని ఆమె తన బ్రతుకుతోనే రుజువు చేసెను.

ఈ మధ్యకాలముననే, 1937లో, ఆమె మద్రాసులో ఆంధ్ర మహిళా సభను స్థాపించెను. తాను నడచిన దారినే ఇతర స్త్రీలను నడిపింపవలెనని, కాశీ మెట్రిక్యులేషన్‌కు యువతులను తయారుచేయు తరగతులు పెట్టెను. వారిలో బాలవితంతువులు, భర్తలు విడచినవారు, పేదయింటి ఆడపడుచులు ఉండిరి. క్రమముగ సభకు వసతిగృహము, ప్రసూతి వైద్యశాల, నర్సులకు మంత్రసానులకు శిక్షణాలయము ఏర్పడినవి.

ఆ మద్రాసుకే 1939లో ఇటలీ దేశపు విద్యావేత్త మరియా మాంటిసోరి వచ్చి, అడయారులో ఉపాధ్యాయులకు శిక్షణ నిచ్చెను. ఆమె వైద్యురాలు. 1907లో రోము నగరమున శ్రామికులు నివసించు పేటలో తన మొదటి శిశుగృహమును తెఱచినది. మొదటి ప్రపంచయుద్ధమున చెదరిపోయిన బిడ్డలకొఱకు, 1917 ప్రాంతమున, శ్వేతశిలువ యను సంస్థ నొకదానిని ఆమె సంకల్పించెను. అందు చేరు శిశు సంరక్షకులు ప్రథమ చికిత్సను, శిశువుల ఆహారనియమములను, మనస్తత్త్వమును కలిపి నేర్వవలెనని ఆమె ప్రణాళిక. అది కార్యరూపము దాల్చలేదు. యుద్ధభూమిలో సైనికునికొఱకు పుట్టిన ప్రథమ చికిత్స గనులకు, రైళ్లకు త్వరగనే చేరినది. సెయింట్ జాన్ అంబులెన్సు సంఘము 1877లోనే ఇంగ్లాండున ఆ పని మొదలిడినది. బిడ్డ ఊయెల చెంతకు మాత్రము ఆ విద్య మిక్కిలి ఆలస్యముగ చేరినది.

దుర్గాబాయి 1946లో రాజ్యాంగ పరిషత్తు సభ్యురాలయ్యెను. పరిషత్తు అధ్యక్షవర్గపు జాబితాలో ఆమె యొక్కతెయే స్త్రీ. 1952లో ప్రణాళికా సంఘమున ప్రవేశించెను. 1953 జనవరిలో ఆర్థికమంత్రి చింతామణి దేశ్‌ముఖ్‌ను వివాహమాడెను. ఆ సంవత్సరము ఆగస్టులో కేంద్ర సాంఘిక సంక్షేమ మండలి ఏర్పడగా దానికి ప్రథమాధ్యక్షురాలయ్యెను.

1954లో మండలి గ్రామములలో సంక్షేమ విస్తరణ పథకములను ప్రారంభించెను. సుమారు ఇరువదియైదు గ్రామములకు ఒక పథకము. ప్రతి కేంద్రమున పసిపిల్లలకు బాలవాడి, స్త్రీలకు అక్షరాభ్యాసము, చేతిపని, ప్రసూతి సహాయము. వీనికి గ్రామసేవికలు, మంత్రసానులు కావలెను. గ్రామసేవికల శిక్షణలో కస్తూరిబా స్మారక నిధి సంస్థ తోడ్పడినది. డబ్బున్నది, పథకమున్నది, గ్రామస్థుల ఉత్సాహమున్నది. కాని శిక్షణలో చేర్చుకొనుటకు కావలసినంత చదువు గల స్త్రీలు దొఱకలేదు. చదువుకొన్న పట్టణ యువతి పల్లెకు రాదు. పల్లెలో నున్న స్త్రీకి చదువు లేదు.

ఇట్టి చిక్కు వచ్చినప్పుడు అధికారులు సాధారణముగ రెండు దారులలో నొకటి త్రొక్కుదురు. అర్హతను తగ్గించి ఎవరినో యొకరిని నియమించుట ఒకటి. అర్హత గలవారు లేరని కేంద్రమును మూసివేయుట రెండవది. దుర్గాబాయి ఈ రెంటిని కాదనెను. ద్వారమున నెహ్రూను ఆపిన బాలిక అర్హతను తగ్గింపదు. కాని టిక్కెట్టు లేదని పల్లెపడుచును వెలుపలనే నిలిపివేయుట కూడ ఆమెకు సమ్మతము గాదు. ఆ టిక్కెట్టును ఆమె చేతికందించు ఉపాయము కావలెను. 1958లో మండలి, వయోజన స్త్రీలకు సంగ్రహ విద్యాక్రమమును ప్రవేశపెట్టెను. చదువు మధ్యలో మానిన ఇరువది యేండ్లు దాటిన స్త్రీలను చేర్చుకొని, రెండేండ్లలో మిడిల్ స్కూలు లేక మెట్రిక్యులేషన్ పరీక్షకు సిద్ధపఱచుట దీని ఉద్దేశము. ఉత్తీర్ణులైనవారు గ్రామసేవికలుగ, బాలసేవికలుగ, నర్సులుగ, ఉపాధ్యాయినులుగ శిక్షణ పొందవచ్చును. మద్రాసులో కొలదిమంది యువతులకు ఆమె పెట్టిన కాశీ మెట్రిక్యులేషన్ తరగతులే ఇట్లు దేశవ్యాప్తమైనవి. అదే సంవత్సరము స్త్రీవిద్యా జాతీయ సంఘమునకు ఆమె అధ్యక్షురాలై, మఱుసటి సంవత్సరము నివేదికను సమర్పించెను.

బిడ్డలను చూచుకొనుట తల్లులకందఱికి సహజముగ వచ్చునది గదా, దీనికి ఇంత చదువు, శిక్షణ ఏల యని కొందఱు అడుగుదురు. గనుల పట్టణపు ఉదాహరణములే ఇందుకు సమాధానము. గనిలో నేర్పు ప్రథమ చికిత్స పెద్దవారి దేహమునకు తగినది: విఱిగిన కాలికి బద్దలు కట్టుట, నెత్తురు ఆపుట, డోలీపై మోయుట. బిడ్డ దేహము వేఱు. దాని గొంతు సన్నము. వేరుసెనగ గింజ యొకటి అడ్డుపడిన నిమిషములలో ప్రాణము పోవచ్చును. అప్పుడు నోటిలో గ్రుడ్డిగ వ్రేలు పెట్టి వెదకినచో గింజ మఱింత లోనికి పోవును. ఏడాది నిండని శిశువునైతే తల క్రిందుగ నుండునట్లు ముంజేతిపై బోర్ల పరుండబెట్టి, వీపుపై అయిదుమార్లు చఱచి, వెల్లకిల త్రిప్పి ఛాతీపై అయిదుమార్లు నొక్కవలెను. వేడినీరు పడినచోట సిరా, నేయి, పండ్లపొడి పూయుట మన యిండ్లలో అలవాటు. చేయవలసినది ఇరువది నిమిషములు చల్లని నీటిధార క్రింద ఉంచుటయే. మూసిన గదిలో బొగ్గుపొయ్యి మండినచో వాసనలేని విషవాయువు కమ్మును. బిడ్డ నిద్రించుచున్నదో, స్పృహ తప్పినదో శిక్షణ లేని కంటికి తెలియదు. విరేచనములు పట్టుకొన్న బిడ్డకు నీరు మాన్పుట ప్రమాదము. ఒక లీటరు శుద్ధమైన నీటిలో లవణ మిశ్రమపు పొట్లమొకటి కలిపి కొంచెము కొంచెముగ త్రాగించుట ప్రాణరక్షణము. వీనిలో ఏదియు సహజముగ తెలియునది గాదు. ప్రేమ యెంత యున్నను నేర్చుకొననిదే చేతకాదు. నేర్చినదానిని నడుమనడుమ తిరిగి అభ్యసింపనిచో ఆపత్సమయమున చేయి ఆడదు.

దుర్గాబాయి వైద్యురాలు గాదు. ఆమె పని అంతకు ముందటి మెట్టు: ఆ పాఠమును చదివి గ్రహింపగల స్త్రీని తయారుచేయుట. ఆ మెట్టు లేనిచో పై మెట్టునకు ఎక్కుటెట్లు?

తరువాతి సంవత్సరములలో ఆంధ్ర మహిళా సభ హైదరాబాదున వ్యాపించెను. విద్యానగరులో వైద్యశాల, విశ్వవిద్యాలయ ప్రాంగణమున స్త్రీల కళాశాల వెలసినవి. 1962లో ఆమె ఢిల్లీలో సాంఘికాభివృద్ధి మండలిని నెలకొల్పెను. 1975లో భారత ప్రభుత్వము పద్మవిభూషణ బిరుదు నిచ్చి గౌరవించెను. ఆ సంవత్సరమే అక్టోబరు 2న సమగ్ర శిశు అభివృద్ధి పథకము ఆరంభమై, అంగన్‌వాడీ యను పేరు ఊరూర వినవచ్చెను. 1981 మే 9వ తేదీన ఆమె కీర్తిశేషురాలయ్యెను.

పిదప కాలము చాల మాఱినది. ఏబదిమంది ఉద్యోగులు గల ప్రతి సంస్థయు శిశుగృహ సౌకర్యము కల్పింపవలెనని 2017లో ప్రసూతి ప్రయోజన చట్టమును సవరించిరి. చట్టములు గదిని కట్టింపగలవు. ఆ గదిలో బిడ్డకు ఊపిరి ఆడనప్పుడు ఏమి చేయవలెనో ఎఱిగిన చేతులు పాఠశాలలోనే మొదట తయారగును. బెల్లంపల్లిలోను, గోదావరిఖనిలోను తరగతి వెనుక వరుసలో కూర్చుండి, ఇంటిపనుల వలన బడి మానదలచుచున్న బాలికయే రేపు ఇరువదిమంది బిడ్డల ప్రాణములకు పూచీ వహింపవచ్చును. ఆమెను బడి మాననీయకుండుట ఉపాధ్యాయుని పని. మానిన పిమ్మటనైనను తిరిగి తీసికొనివచ్చు దారి కలదని దుర్గాబాయి చూపినది.