క్లారా షూమన్ - ఒక పాప, ఒక నాన్న, ఒక పియానో



మా పాపకి ఆరేళ్ళు. ఏడాదిగా ప్రతి శనివారం పొద్దున్న పది గంటలకి ఆన్‌లైన్ లో పియానో క్లాసు. ఐపాడ్ ని స్టాండు మీద పెట్టి, పాప వేళ్ళు టీచరుగారికి కనపడేలా సర్దడం నా డ్యూటీ. జర్మనీలో మన తెలుగు వాళ్ళ ఇళ్ళల్లో ఇది ఇప్పుడు మామూలు దృశ్యమే. ఊళ్ళోని మ్యూజిక్ స్కూల్లో వెయిటింగ్ లిస్టు చాంతాడంత ఉంటే ఏం చేస్తాం చెప్పండి!

ఆర్నెల్లు బాగానే గడిచింది. తర్వాత నేను రంగంలోకి దిగాను. రోజూ గంట ప్రాక్టీసు అని రూలు పెట్టాను, ఎక్సెల్ షీటు కూడా తయారు చేశాను. మూడు వారాలు తిరిగేసరికి పాప కీబోర్డు చూస్తేనే ఏడుపు మొదలుపెట్టింది. మా ఆవిడ నాకేసి ఒక చూపు చూసింది. అసలు పాతకాలంలో ఈ దేశంలో చిన్నపిల్లలకి పియానో ఎలా నేర్పేవారో అని వెతకడం మొదలుపెడితే ఒక తెలిసిన ముఖం కనపడింది. కెమ్నిట్జ్ లో నేను ఎం.ఎస్. చదివే రోజుల్లో ఫ్లీ మార్కెట్లో ఒక పాత 100 మార్కుల నోటు చూశాను. యూరో రాకముందు, 1990 నుంచి 2001 చివరిదాకా చలామణీలో ఉన్న నోటు. ఒక వైపు ఒక యువతి బొమ్మ, రెండో వైపు పెద్ద పియానో. ఆవిడే క్లారా షూమన్. ఆవిడ కథే ఈసారి మీతో పంచుకుంటున్నాను.

క్లారా 1819 సెప్టెంబరు 13న లైప్‌జిగ్ లో పుట్టింది. తండ్రి ఫ్రీడ్రిష్ వీక్ పియానో మాస్టారు, పియానోలు అమ్మే వ్యాపారి కూడా. తల్లి మరియాన్నె గాయని, పియానో కూడా వాయించేది. వాళ్ళిద్దరికీ పడక 1824లో విడిపోయారు. ఆనాటి సాక్సొనీ చట్టం ప్రకారం పిల్లలు తండ్రికే చెందుతారు. అందుకని సరిగ్గా ఐదేళ్ళు నిండే వేళకి క్లారా తల్లిని వదిలి తండ్రి ఇంటికి వచ్చేసింది. ఇంకో విషయం తెలుసా? ఆ పాపకి నాలుగేళ్ళు దాటినా మాటలు రాలేదు. చెవుడేమో అని కూడా ఇంట్లో వాళ్ళు అనుకున్నారు. మాటలు సరిగా రాని ఆ పాపకి పియానో పలికింది!

వీక్ పద్ధతి చూస్తే ఆశ్చర్యం వేసింది. మొదట్లో నొటేషన్ పుస్తకం జోలికే పోలేదు. తనే చిన్న చిన్న వరసలు కట్టి, తను వాయించడం, పాప విని మళ్ళీ వాయించడం. మన సంగీతం మాస్టారు సరళీ వరసలు పాడి పిల్లల చేత తిరిగి పాడించినట్టే అన్నమాట. అలసిపోయిన పిల్లల చేత వాయించకూడదని ఆయన నమ్మకం. రోజూ ఒక గంట పాఠం, రెండు గంటల సాధన, వాటితో పాటు ఆరుబయట చాలాసేపు నడక. మా ఆన్‌లైన్ క్లాసులో కూడా టీచరు, పాప కలిసి వాయించలేరు. నెట్ లో శబ్దం వెళ్ళి రావడానికి పట్టే ఆ కాస్త ఆలస్యానికే తాళం తప్పుతుంది. కాబట్టి ఆవిడ వాయించి ఆపితే, పాప విని వాయించాలి. అది టెక్నాలజీ లోపం అని నేను విసుక్కునేవాణ్ణి. 200 ఏళ్ళ క్రితం ఒక మహా గురువు కావాలనే ఎంచుకున్న దారి అదేనని తెలిశాక నోరు మూసుకున్నాను.

1828 అక్టోబరు 20న, తొమ్మిదేళ్ళ వయసులో, లైప్‌జిగ్ లోని గెవాండ్‌హౌస్ హాల్లో క్లారా మొదటిసారి జనం ముందు వాయించింది. 1830 నవంబరులో అదే హాల్లో సొంత కచేరీ. 1831లో తండ్రితో బయల్దేరి వైమార్ లో వృద్ధుడైన గోథేకి వినిపించింది, మరుసటి ఏడు పారిస్ చూసింది. పదహారేళ్ళకి తను రాసిన పియానో కాన్చెర్తోని మెండెల్సన్ నిర్వహణలో వాయించింది. 1838లో వియన్నాలో చక్రవర్తి ఆస్థాన బిరుదు కూడా వచ్చింది.

ఇంతవరకు చదివితే ఏ నాన్నకైనా ఉత్సాహం వస్తుంది. నాకూ వచ్చింది. కానీ ఇంకో రెండు సంగతులున్నాయి. క్లారాకి ఆల్విన్ అని తమ్ముడు. వయొలిన్ సరిగ్గా వాయించలేదని వీక్ ఆ పిల్లవాణ్ణి కింద పడేసి జుట్టు పట్టుకుని కొట్టాడట. ఆ దృశ్యాన్ని కళ్ళారా చూసిన శిష్యుడు తన డైరీలో రాసుకున్నాడు. అలసిన పిల్లల చేత వాయించకూడదని నమ్మిన మాస్టారే ఈయన!

రెండో సంగతి నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టింది. కూతురి పేరుతో వీక్ ఒక డైరీ మొదలుపెట్టాడు. అందులో నేను, నా కచేరీ, మా నాన్న అని క్లారా రాసుకున్నట్టే ఉంటుంది. రాసింది మాత్రం చాలావరకు తండ్రి! ఆమె పెద్దదై తన చేత్తో రాసుకున్నా ఆయన చదివేవాడు. ఇది చదివాక ఫోను తీసి చూసుకున్నాను. నా వాట్సాప్ స్టేటస్ లో మా పాప వీడియోల కింద, ఈరోజు నేను కొత్త పాట నేర్చుకున్నాను తాతయ్యా అని ఉంది. పాపకి ఇంకా తెలుగు రాయడమే రాదు. రాసింది నేనే!

ఆ డైరీ రాసుకున్న శిష్యుడి పేరు రాబర్ట్ షూమన్. 1830లో పియానో నేర్చుకుందామని వీక్ ఇంట్లో దిగాడు. తర్వాత చేతి వేలు దెబ్బతిని వాయించడం మానేసి స్వరకర్తగా స్థిరపడ్డాడు. క్లారా పెద్దదయ్యాక ఇద్దరూ ప్రేమించుకున్నారు. వీక్ ససేమిరా అన్నాడు. 1839లో వాళ్ళిద్దరూ పెళ్ళికి అనుమతి కోసం కోర్టుకెక్కాల్సి వచ్చింది. పెంచి పెద్దచేసిన తండ్రి మీద కూతురు కోర్టులో నిలబడింది! చివరికి అనుమతి వచ్చి 1840 సెప్టెంబరు 12న, ఆమెకి 21 ఏళ్ళు నిండడానికి ఒక్క రోజు ముందు, లైప్‌జిగ్ పక్కన షోనెఫెల్డ్ చర్చిలో పెళ్ళయింది.

ఎనిమిది మంది పిల్లలు. ఒక బాబు పసితనంలోనే పోయాడు. పెద్దమ్మాయి మరీ ఏడో పుట్టినరోజుకి, 1848లో, రాబర్ట్ చిన్న చిన్న పియానో రచనలు కానుకగా రాశాడు. అవే పెరిగి 43 రచనల పుస్తకం అయ్యాయి. దాంట్లోని హ్యాపీ ఫార్మర్ ఈనాటికీ పియానో నేర్చుకునే పిల్లలు వాయిస్తారు.

తర్వాత అన్నీ కష్టాలే. 1854 ఫిబ్రవరిలో రాబర్ట్ మతి చెదిరి డ్యూసెల్‌డార్ఫ్ లో రైన్ నదిలో దూకాడు. రక్షించి బాన్ దగ్గర ఎండెనిష్ లోని మానసిక చికిత్సాలయంలో చేర్చారు. రెండేళ్ళకి పైగా క్లారాని ఆయన్ని చూడనివ్వలేదు. 1856 జులై 29న ఆయన పోవడానికి రెండు రోజుల ముందే చూడగలిగింది. 36 ఏళ్ళకి భర్త లేడు, ఏడుగురు పిల్లలు. వాళ్ళని పోషించింది ఆ పియానోయే. ఇంగ్లండు నుంచి రష్యా దాకా కచేరీలు చేసింది. ఆవిడ జీవితకాలంలో చేసిన కచేరీల కార్యక్రమ పత్రాలు దాదాపు 1300 భద్రంగా ఉన్నాయి. కానీ సొంతంగా స్వరాలు కట్టడం మాత్రం దాదాపు ఆపేసింది. తర్వాత ముగ్గురు పిల్లల చావులు కూడా చూసింది. మనవల బాధ్యత కూడా తన మీదే పడింది.

1878లో మేముండే ఫ్రాంక్‌ఫర్ట్ లో కొత్తగా పెట్టిన హోఖ్ కన్సర్వేటరీలో పియానో గురువుగా చేరి 1892 దాకా నేర్పింది. కూతుళ్ళు మరీ, ఒయిగెనీ ఆవిడకి సహాయకులు. 1896 మే 20న ఇక్కడే కన్నుమూసింది. బాన్ పాత శ్మశానంలో భర్త పక్కనే సమాధి.

వీక్ మంచి గురువా, చెడ్డ తండ్రా? రెండూ నిజమేనని నాకనిపిస్తోంది. ఆయన నేర్పిన విద్యే ఆమెని, పిల్లల్ని బతికించింది. కానీ ఆ విద్యకి యజమాని తనేననుకున్నాడు. అక్కడే కూతుర్ని పోగొట్టుకున్నాడు. కొన్నేళ్ళకి మళ్ళీ రాజీ అయ్యారనుకోండి, అది వేరే సంగతి.

మా ఇంట్లో ఇప్పుడు ఎక్సెల్ షీటు లేదు. రోజూ పావుగంట పియానో, తర్వాత పార్కులో నడక. స్టేటస్ లు పెట్టడం మానేశాను. పోయిన ఆదివారం కాకినాడలో ఉన్న వాళ్ళ అమ్మమ్మకి పాప వీడియో కాల్ లో పాఠం చెప్పింది. ఆవిడ డైనింగ్ టేబుల్ మీద వేళ్ళు పెట్టి వాయిస్తుంటే, బొటనవేలు తప్పు పెట్టారని సరిదిద్దింది! మ్యూజిక్ స్కూల్ నుంచి పిలుపు వచ్చేదాకా మా పాప పియానో కొనసాగిస్తుందో లేదో తెలియదు. అది తన ఇష్టం.

లైప్‌జిగ్ వెళ్తే ఇన్సెల్ ష్ట్రాసెలో షూమన్ దంపతులు కాపురం పెట్టిన ఇల్లు ఇప్పుడు మ్యూజియంగా ఉంది. పిల్లల్ని తీసుకెళ్ళండి. మరి మీ ఇళ్ళల్లో ప్రాక్టీసు ఎలా నడుస్తోందో రాస్తారు కదూ!

సెలవు.